డాలస్ లాన్‌లో కలుపు మొలవకముందే ఆపడం ఎలా: ప్రీ-ఎమర్జెంట్ మందు వాడకం, మొదటి నుంచి చివరి దాకా

డాలస్, ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ ప్రాంతాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు లాన్ గురించి అడిగే ప్రశ్నలు ఎక్కువగా మే, జూన్ నెలల్లో వస్తాయి. అప్పటికే క్రాబ్‌గ్రాస్ అనే కలుపు గడ్డి గుబుర్లు గుబుర్లుగా పరుచుకుని ఉంటుంది. హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) నుంచి ఉత్తరం కూడా వచ్చి ఉంటుంది. ఏం మందు కొట్టాలి అని అప్పుడు టెన్షన్ పడతారు. దాన్ని తేలిగ్గా, తక్కువ ఖర్చుతో ఆపే సమయం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే దాటిపోయింది.

ఊళ్లో వ్యవసాయం చూసినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. పత్తి విత్తిన 24 నుంచి 48 గంటల్లోపు, నేలలో పదును ఉండగానే పెండిమిథాలిన్ కొడతారు. వరి నాటిన మూడు నుంచి ఐదు రోజుల్లో బ్యూటాక్లోర్‌నో ప్రెటిలాక్లోర్‌నో ఇసుకలో కలిపి చల్లుతారు. అవన్నీ కలుపు మొలవకముందు వాడే మందులే. ఇక్కడ దుకాణాల్లో క్రాబ్‌గ్రాస్ ప్రివెంటర్ అని అమ్మే సంచుల్లో కొన్నిటిలో ఉన్నది అదే పెండిమిథాలిన్. అదను తప్పితే అక్కడ ఎలా పనిచేయదో ఇక్కడా అలాగే పనిచేయదు. ఏ కంపెనీ సంచి కొన్నారన్నది చిన్న విషయం. ఎప్పుడు వేశారు, వేశాక నీళ్లు పెట్టారా అన్నవే అసలు విషయాలు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు ఆ రెండిటికే ఇస్తున్నాను.

మందు ఎలా పనిచేస్తుంది

ఈ మందు విత్తనాన్ని చంపదు. విత్తనం మొలకెత్తుతుంది. మొలకెత్తిన వేరు, మొలక నేల పైపొరలో ఉన్న మందును తాకగానే అక్కడితో ఆగిపోతాయి. ప్రోడయమిన్, పెండిమిథాలిన్, డైథయోపిర్ మూడూ వేరు కొసలో కణ విభజనను ఆపుతాయి. వేరు సాగలేక మొద్దుబారుతుంది, మొలక పైకి రాకముందే చచ్చిపోతుంది.

దీన్ని బట్టి తెలియాల్సినవి మూడున్నాయి. మొదటిది, విత్తనం మొలకెత్తే సమయానికి మందు నేలలో సిద్ధంగా ఉండాలి. రెండోది, మందు గడ్డి ఆకుల మీద, ఎండు గడ్డి మీద ఉండిపోతే ప్రయోజనం లేదు, నేల పై అంగుళంలోకి దిగాలి. మూడోది, ఇప్పటికే వేరూరి పెరుగుతున్న మొక్కల్ని ఇది ఏమీ చేయదు. మీ లాన్ గడ్డి బతికేది అందువల్లే. ఇప్పటికే ఉన్న కలుపు చావనిదీ అందువల్లే.

ఈ మందులు నీటిలో బాగా తక్కువగా కరుగుతాయి, మట్టిని గట్టిగా పట్టుకుంటాయి. కాబట్టి నీళ్లు పెట్టినా కిందికి జారిపోకుండా పైపొరలోనే నిలుస్తాయి. సూక్ష్మజీవులు, ఎండ, వేడి వల్ల నెమ్మదిగా తగ్గుతూ కొన్ని నెలల్లో బలం కోల్పోతాయి. టెక్సస్ వేసవిలో ఆ తగ్గుదల ఇంకా వేగంగా ఉంటుంది. ఒక్కసారి వేసి ఏడాదంతా సరిపోతుందని అనుకోకూడదు.

ముందు మీ గడ్డి ఏదో గుర్తుపట్టండి

ఉత్తర టెక్సస్‌లో ఎండ బాగా పడే ఇళ్లలో ఎక్కువగా ఉండేది బెర్ముడా. ఇది మన గరికే. సన్నటి ఆకు, నేలమీద పాకే తీగలు, చలికాలంలో గోధుమ రంగుకు తిరిగి నిద్రపోవడం దీని లక్షణాలు. నీడ ఉన్న పెరళ్లలో సెయింట్ అగస్టీన్ ఉంటుంది: వెడల్పాటి ఆకు, లావుపాటి తీగలు. కొత్త ఇళ్లలో జోయ్‌షియా కూడా కనిపిస్తుంది. పైన చెప్పిన మూడు మందులూ వేరూరిన ఈ మూడు గడ్లకూ వాడదగినవే. అయినా కొనే సంచి లేబుల్ మీద మీ గడ్డి పేరు ఉందో లేదో చూడకుండా వేయవద్దు.

సెలైనా, ప్రాస్పర్ వైపు కొత్త ఇళ్లలోకి వెళ్లినవాళ్లు ఇక్కడ ఆగాలి. బిల్డర్ పరిచిన గడ్డి చాపలు వేరూరక ముందు ఈ మందు వేస్తే కొత్త వేర్లు నేలలోకి దిగవు. చాప అంచు పట్టుకుని మెల్లగా లాగి చూడండి. లేచి వస్తే ఇంకా వేరు పట్టలేదన్నమాట. గడ్డి గట్టిగా పట్టుకుని, కొన్నిసార్లు కోతకు వచ్చాకే మందు మాట. ఎన్ని కోతలు, ఎన్ని వారాలు అన్నది ఒక్కో లేబుల్‌కు ఒక్కో రకంగా ఉంటుంది.

ఖాళీ మచ్చల్లో బెర్ముడా విత్తనం చల్లాలనుకున్నా, చలికాలం పచ్చదనం కోసం అక్టోబరులో రై గడ్డి చల్లాలనుకున్నా అంతే. మందుకు మీరు చల్లిన విత్తనం, కలుపు విత్తనం అన్న తేడా తెలియదు. వేసిన మోతాదును బట్టి నెలల తరబడి విత్తనం మొలవదు. ఎంతకాలం ఆగాలో చెప్పే పట్టిక లేబుల్‌లోనే ఉంటుంది.

అదను: ఎప్పుడు వేయాలి

క్రాబ్‌గ్రాస్ విత్తనాలు నేల వేడిని బట్టి కదులుతాయి. రెండు అంగుళాల లోతులో నేల ఉష్ణోగ్రత నాలుగైదు రోజులపాటు వరుసగా 55 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర, అంటే సుమారు 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిస్తే మొలకలు మొదలవుతాయి. మందు అంతకుముందే నేలలో ఉండాలి. డాలస్–ఫోర్ట్ వర్త్ ప్రాంతంలో ఆ సమయం సాధారణంగా ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం లోపు పడుతుంది. ఒక ఏడాది జనవరి చివరే ఎండలు కాస్తాయి, మరో ఏడాది ఫిబ్రవరిలో మంచు కురుస్తుంది. అందుకే క్యాలెండర్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

నేల ఉష్ణోగ్రత కొలవడానికి సూదిలా ఉండే మట్టి థర్మామీటర్ హోమ్ డిపో, లోస్ వంటి దుకాణాల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఉదయం పూట, లాన్‌లో ఎండ పడే చోట రెండు అంగుళాల లోతుకు గుచ్చి చూడండి. కాంక్రీటు అంచు దగ్గర ఒకసారి, లాన్ మధ్యలో ఒకసారి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. డ్రైవ్‌వే, సైడ్‌వాక్ పక్కన నేల ముందుగా వేడెక్కుతుంది. క్రాబ్‌గ్రాస్ ఎప్పుడూ ఆ అంచుల్లోనే ముందు కనిపించడానికి కారణం అదే. థర్మామీటర్ కొనడం ఇష్టం లేకపోతే సింజెంటా కంపెనీ నడిపే గ్రీన్‌కాస్ట్ సైట్‌లో జిప్ కోడ్ ఇస్తే మీ ప్రాంతపు నేల ఉష్ణోగ్రత అంచనా చూపిస్తుంది.

చెట్లను చూసి చెప్పేవాళ్లూ ఉన్నారు. ఉత్తర టెక్సస్‌లో రెడ్‌బడ్ చెట్లు గులాబీ రంగు పూలతో నిండేసరికి క్రాబ్‌గ్రాస్ మొదలవుతూ ఉంటుంది. కాబట్టి పూలు విచ్చుకునే దాకా ఆగకుండా, మొగ్గలు ఉబ్బుతున్నప్పుడే పని పూర్తి చేయాలి.

ఇంట్లో గుర్తుండడానికి శివరాత్రిని పెట్టుకోవచ్చు. శివరాత్రితో చలి శివశివా అంటూ పోతుందని మన పెద్దలు అన్నట్టే ఇక్కడా నేల వేడెక్కేది ఆ రోజుల్లోనే. అయితే పండగ తేదీ ఏటా జరుగుతుంది: 2024లో మార్చి 8, 2025లో ఫిబ్రవరి 26, 2026లో ఫిబ్రవరి 15. మార్చిలో వచ్చే ఏడాది శివరాత్రి దాకా ఆగితే ఆలస్యం అవుతుంది. గుర్తు చేసుకోవడానికి పండగ, నిర్ణయానికి థర్మామీటర్.

రెండో అదను చలికాలపు కలుపు కోసం. పోవా ఆన్యువా అనే సన్నటి లేతపచ్చ గడ్డి, రెస్క్యూగ్రాస్, హెన్‌బిట్, చిక్‌వీడ్ వంటివి వేసవి వేడి తగ్గాక మొలుస్తాయి. నేల ఉష్ణోగ్రత 70 డిగ్రీల ఫారన్‌హీట్ కిందికి దిగేసరికి పోవా మొదలవుతుంది. అందుకే ఆగస్టు చివరి వారం నుంచి సెప్టెంబరు మధ్యలోపు మందు వేసేయాలి. చాలామంది వసంతంలో శ్రద్ధగా వేసి సెప్టెంబరును వదిలేస్తారు. జనవరిలో బెర్ముడా అంతా గోధుమ రంగులో ఉండగా మధ్యమధ్య పచ్చటి మచ్చలు కనిపిస్తే అది సెప్టెంబరులో వదిలేసిన పని. నన్నడిగితే ఏడాదిలో ఒక్కసారే వేయగలం అనేవాళ్లు కూడా ఈ రెండిటిలో ఏది తమ లాన్‌ను ఎక్కువ పాడుచేస్తోందో చూసి ఎంచుకోవాలి.

ఇక్కడ చెప్పిన తేదీలు ఉత్తర టెక్సస్‌వి. న్యూజెర్సీలో ఉన్న బంధువులకు ఇవే పంపించవద్దు. అక్కడ క్రాబ్‌గ్రాస్ అదను సాధారణంగా ఏప్రిల్‌లో వస్తుంది. పైగా అక్కడి ఫెస్క్యూ, బ్లూగ్రాస్ లాన్లలో కొత్త విత్తనం చల్లే కాలం సెప్టెంబరే కాబట్టి మన సెప్టెంబరు మోతాదు వాళ్లకు హాని చేస్తుంది.

మందు ఎంచుకోవడం

సంచి ముందువైపు పెద్ద అక్షరాలు వదిలేసి కింద సన్నగా రాసిన క్రియాశీల పదార్థం పేరు చదవండి. అదే అసలు మందు.

ప్రోడయమిన్ నేలలో ఎక్కువకాలం నిలుస్తుంది, ఖర్చు తక్కువ. బ్యారికేడ్ పేరుతో ప్రసిద్ధం, ఇతర పేర్లతోనూ దొరుకుతుంది. అదను కంటే రెండు వారాలు ముందే వేసినా నష్టం లేదు.

డైథయోపిర్, అంటే డైమెన్షన్ అని రాసి ఉండేది, ప్రోడయమిన్ అంత కాలం ఉండదు. కానీ దానికి ఒక మంచి గుణం ఉంది: అప్పుడే మొలిచిన, ఇంకా పిలకలు వేయని లేత క్రాబ్‌గ్రాస్‌ను కూడా చంపగలదు. రెండు మూడు వారాలు ఆలస్యమైనవాళ్లు దీన్నే తీసుకోవాలి.

పెండిమిథాలిన్ స్కాట్స్ హాల్ట్స్ సంచిలో ఉంటుంది. తేలిగ్గా దొరుకుతుంది. పసుపు మరక అంటుతుంది. ఎండలో, నేలమీద అలాగే వదిలేస్తే తొందరగా బలం పోతుంది కాబట్టి నీళ్లు వెంటనే పెట్టాలి.

ఐసాక్సాబెన్ వెడల్పాకు కలుపు కోసం. హెన్‌బిట్, చిక్‌వీడ్ ఎక్కువగా ఉన్నవాళ్లు సెప్టెంబరులో ప్రోడయమిన్‌తోపాటు దీన్ని కూడా వాడితే మంచి ఫలితం ఉంటుంది.

మొక్కజొన్న గ్లూటెన్ సేంద్రియ ప్రత్యామ్నాయంగా అమ్ముతారు. చాలా ఎక్కువ పరిమాణంలో వేయాలి, ఫలితం నిలకడగా ఉండదు, అందులో నత్రజని కూడా ఉంటుంది. కలుపు బాగా ఉన్న లాన్‌కు నేను దీన్ని సిఫారసు చేయను.

కలుపు మందు, ఎరువు కలిపి అమ్మే వీడ్ అండ్ ఫీడ్ అనే సంచుల గురించి గట్టిగా చెప్పాలి. ఫిబ్రవరిలో బెర్ముడా నిద్రలో ఉంటుంది. అప్పుడు నత్రజని వేస్తే అది పోషించేది పచ్చగా ఉన్న కలుపునే. ఎరువు లేని మందు, లేదా 0-0-7 వంటి అంకెలు ఉన్న సంచి తీసుకోండి. మొదటి అంకె నత్రజని, అది సున్నా ఉండాలి. లాన్ పూర్తిగా పచ్చబడి ఒకటి రెండు కోతలయ్యాక, ఏప్రిల్‌లో ఎరువు వేయవచ్చు. ఇంకో ప్రమాదం: కొన్ని వీడ్ అండ్ ఫీడ్ సంచుల్లో అట్రజీన్, డైకాంబా వంటివి ఉంటాయి. లాన్ కింద వేర్లు పరిచిన ఓక్ చెట్లకు అవి మంచివి కావు.

ఏళ్ల తరబడి ఒకే రకం మందు వాడితే దానికి లొంగని కలుపు మిగులుతుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ప్రోడయమిన్‌కు లొంగని పోవా ఆన్యువా ఇప్పటికే నమోదైంది. సరిగ్గా వేసినా పోవా వరుసగా రెండు చలికాలాలు వచ్చిందంటే వేరే పద్ధతిలో పనిచేసే మందుకు మారండి. డైథయోపిర్‌కు మారితే అది మార్పు కాదు, రెండూ వేరు మీద ఒకే తీరున పనిచేస్తాయి. ఆ సమయంలో మీ కౌంటీలో సాగు సలహాలిచ్చే టెక్సస్ ఏ అండ్ ఎం అగ్రిలైఫ్ ఎక్స్‌టెన్షన్ కార్యాలయాన్ని అడగడం మేలు.

కొలత

మోతాదు ఎప్పుడూ 1,000 చదరపు అడుగులకు ఇంత అని ఉంటుంది. కాబట్టి లాన్ విస్తీర్ణం తెలియాలి. లాట్ సైజు కాదు. ఇల్లు, డ్రైవ్‌వే, పూల మడులు తీసేసి గడ్డి ఉన్నంత మేరే లెక్క. గూగుల్ మ్యాప్స్‌లో దూరం కొలిచే సదుపాయంతో అంచుల వెంట గీస్తే విస్తీర్ణం చూపిస్తుంది. లేకపోతే టేపు పట్టుకుని దీర్ఘచతురస్రాలుగా విడగొట్టి కలుపుకోండి. ముందువైపు, వెనకవైపు, పక్క సందు వేరువేరుగా రాసి పెట్టుకోండి. ఏటా పనికొస్తుంది.

ఉదాహరణకు ముందు 1,800, వెనక 3,200 అనుకుందాం. మొత్తం 5,000 చదరపు అడుగులు. సంచి మీద 1,000 చదరపు అడుగులకు 4 పౌండ్లు అని ఉంటే మీకు కావలసింది 20 పౌండ్లు. ముందుకు 7.2, వెనక్కి 12.8.

పొడి మందును నీళ్లలో కలిపి స్ప్రే చేసేవాళ్లకు లెక్క ఇంకా నిక్కచ్చిగా ఉండాలి. ప్రోడయమిన్ 65 డబ్ల్యూడీజీకి (నీళ్లలో కలిపే రకం, 65 శాతం అసలు మందు) బెర్ముడా మీద ఏడాది గరిష్ఠ పరిమితి 1,000 చదరపు అడుగులకు 0.83 ఔన్సు, అంటే సుమారు 23.5 గ్రాములు. ఇది ఏడాది మొత్తానికి. వసంతంలో 0.4 ఔన్సు, సెప్టెంబరులో 0.4 ఔన్సు వేస్తే పరిమితిలోనే ఉన్నట్టు. 5,000 చదరపు అడుగులకు ఒక్కో విడతకు 2 ఔన్సులు. ఐదు పౌండ్ల డబ్బా కొంటే అది ఇరవై ఏళ్లు సరిపోయేంత మందు. ఒక్క ఇంటి లాన్‌కు అంత అవసరం లేదు. మొదటిసారి వేసేవాళ్లు గుళికల సంచి తీసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. తూకం కోసం వంటింటి స్కేలు వాడవద్దు. గ్రాముల స్కేలు విడిగా కొని గరాజ్‌లోనే ఉంచండి.

లేబుల్ మోతాదు సలహా కాదు. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం లేబుల్‌కు విరుద్ధంగా పురుగుమందు, కలుపు మందు వాడడం చట్ట ఉల్లంఘన. ఎక్కువ వేస్తే ఎక్కువ పనిచేస్తుందన్న ఆలోచనా సరికాదు. ఈ మందు ఎక్కువైతే బెర్ముడా తీగలు కొత్త వేర్లు దించలేక లాన్ పలచబడుతుంది, పలచబడిన చోట మళ్లీ కలుపే వస్తుంది.

వేసే రోజు

ముందు నేలను సిద్ధం చేయండి. ఆకులు, ఎండు చెత్త ఊడ్చేయాలి. వసంతంలో బెర్ముడాను పొట్టిగా కత్తిరించే స్కాల్పింగ్ పని ఉంటే అది ముందు చేసి, కత్తిరించిన గడ్డిని తీసేసి, ఆ తర్వాత మందు వేయండి. మందు వేసిన మర్నాడే స్కాల్పింగ్ చేస్తే గుళికలు గడ్డితోపాటు సంచిలోకి పోతాయి. నేలకు చిల్లులు పొడిచే ఎయిరేషన్ కూడా మందుకు ముందే.

వాతావరణం చూడండి. గాలి ఎక్కువగా ఉన్న రోజు వద్దు. తేలికపాటి వాన వచ్చే ముందు రోజు అన్నిటికంటే మంచిది. అంగుళానికి మించి ఉరుములతో కుండపోత పడుతుందని ఉంటే ఆగండి, మందు కాల్వలోకి కొట్టుకుపోతుంది.

చేతికి గ్లోవ్స్, కాళ్లకు మూసి ఉన్న బూట్లు, ఫుల్ ప్యాంటు, ఫుల్ చేతుల చొక్కా. స్ప్రే చేస్తుంటే కళ్లద్దాలు కూడా. చెప్పులతో వేయవద్దు.

గుళికలు చల్లే బండి, అంటే స్ప్రెడర్, మీద ఏ నంబరు పెట్టాలో సంచి వెనక ఉంటుంది. ఆ నంబరును పూర్తిగా నమ్మకుండా ఒక పద్ధతి పాటించండి. మొత్తం మందును రెండు సగాలు చేయండి. స్ప్రెడర్‌ను సగం మోతాదుకు తగ్గించి, మొదటి సగం ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ వేయండి. రెండో సగం తూర్పు పడమరలుగా. మొదటి సగం లాన్ పూర్తికాకముందే అయిపోతే నంబరు ఎక్కువైందని తెలుస్తుంది, రెండో సగంలో సరిచేసుకోవచ్చు. ఒకే దిశలో వేస్తే చారలు మిగులుతాయి, వేసవిలో ఆ చారల్లోనే క్రాబ్‌గ్రాస్ వరసగా మొలిచి కనిపిస్తుంది. ఒకే వేగంతో నడవండి. నడక మొదలుపెట్టాక గేటు తెరవండి, ఆగే ముందు మూయండి.

అంచుల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టండి. ముందు లాన్ చుట్టూ అంచు వెంట ఒక వరస వేసి తర్వాత లోపలికి రండి. స్ప్రెడర్‌కు గుళికలు పక్కకు పడకుండా ఆపే ఎడ్జ్ గార్డ్ ఉంటే అది దించండి. కాంక్రీటు మీద పడిన గుళికలను చీపురుతో లాన్‌లోకి ఊడ్చేయాలి. పైపుతో కడగవద్దు. వీధి పక్కన ఉండే స్టార్మ్ డ్రెయిన్ (వాననీటి కాల్వ) నీళ్లు శుద్ధి కాకుండా నేరుగా వాగుల్లోకి వెళ్తాయి, ఈ మందులు చేపలకు హాని చేస్తాయి.

స్ప్రే చేసేవాళ్లు ముందు ఉత్త నీళ్లతో 1,000 చదరపు అడుగులకు ఎంత నీరు పడుతుందో కొలుచుకోండి. ఒకటి రెండు గ్యాలన్లు పడేలా నడక సరిచేసుకోండి. పొడిని కొద్ది నీళ్లలో ముందుగా కలిపి ట్యాంకులో పోసి, మధ్యమధ్య కదుపుతూ ఉండాలి, లేకపోతే అడుగున పేరుకుంటుంది.

పదును: నీళ్లు పెట్టడం

ఎక్కువమంది తప్పే మెట్టు ఇది. మందు వేసి చేతులు కడుక్కుంటారు, వారం రోజులు వాన రాదు. గుళికల్లోని మందు ఎండలో పాడవుతుంది, నేలలోకి దిగాల్సింది దిగదు.

వేసిన రెండు మూడు రోజుల్లో అర అంగుళం నీరు పడాలి. కొన్ని లేబుళ్లు ఎక్కువ గడువు ఇస్తాయి, కానీ తొందరగా పెడితేనే మంచిది. అర అంగుళం ఎంతో తెలియాలంటే నిటారు అంచులున్న ఖాళీ డబ్బాలు నాలుగైదు లాన్‌లో అక్కడక్కడ పెట్టి స్ప్రింక్లర్ వేయండి. డబ్బాల్లో అర అంగుళం చేరడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఏ డబ్బాలో తక్కువ పడిందో చూస్తే స్ప్రింక్లర్ అందని చోటు కూడా బయటపడుతుంది. గత ఏడాది కలుపు ఆ చోటే వచ్చి ఉంటుంది.

డాలస్ చుట్టూ ఉన్నది నల్లరేగడి. మన తెలంగాణ, రాయలసీమ పత్తి నేలల్లాగే ఎండితే నెర్రెలు విచ్చి, తడిస్తే ఉబ్బే నేల. నీటిని నెమ్మదిగా తాగుతుంది. ఒకేసారి అరగంట వదిలితే సగం సైడ్‌వాక్ మీదికి పోతుంది. ఎనిమిది పది నిమిషాలు పెట్టి, ముప్పావు గంట ఆగి, మళ్లీ పెట్టండి. అర అంగుళం అయ్యేదాకా ఇలాగే.

మీ ఊరి నీటి నిబంధనలు చూసి రోజు ఎంచుకోండి. డాలస్ నగరంలో స్ప్రింక్లర్లకు వారంలో గరిష్ఠంగా రెండు రోజులే అనుమతి. ఏప్రిల్ 1 నుంచి అక్టోబరు 31 దాకా ఉదయం 10 నుంచి సాయంత్రం 6 మధ్య వేయకూడదు. మందు వేసే రోజును మీ నీళ్ల రోజుకు ముందు రోజుగా పెట్టుకుంటే సరిపోతుంది.

రెండో విడత

క్రాబ్‌గ్రాస్ ఒక్కరోజున మొలిచి అయిపోయేది కాదు, వేసవి దాకా దఫదఫాలుగా మొలుస్తుంది. అనుకూలిస్తే ఒక్క మొక్క లక్షకు పైగా విత్తనాలు రాలుస్తుంది. గూస్‌గ్రాస్ అనే కలుపు ఇంకా ఆలస్యంగా వస్తుంది. అందుకే గుళికలు వాడేవాళ్లు మొదటి విడతకు రెండు మూడు నెలల తర్వాత, మే నెలలో, మరో విడత వేయడం మంచిది. రెండు విడతలు, సెప్టెంబరు విడత, మూడూ కలిపి లేబుల్ వార్షిక పరిమితి దాటకూడదు.

పెరడు, పిల్లలు, పూజ

మన ఇళ్లలో లాన్ ఒక్కటే ఉండదు. పక్కనే గోంగూర మడి, సొరపాదు, కరివేపాకు కుండీ ఉంటాయి. అందుకే ఈ భాగం కాస్త వివరంగా చెబుతాను.

మార్చి, ఏప్రిల్ నెలల్లో గోంగూర, తోటకూర, బెండ, కొత్తిమీర విత్తనాలు వేస్తాం. మడిలో ఈ గుళికలు పడితే అవి మొలవవు. కూరగాయల మడి పక్కన తిరిగే స్ప్రెడర్ వద్దు. గుళికల్ని నేరుగా కిందికి వదిలే డ్రాప్ స్ప్రెడర్ వాడి, మడి చుట్టూ రెండు మూడు అడుగులు వదిలేయండి. ఆ చుట్టూ కలుపును చేత్తో పీకుకోవాలి. కరివేపాకు, మల్లె కుండీలను ఆ రోజు పక్కకు జరపండి.

మందు వేసిన లాన్ గడ్డిని కూరగాయల మొక్కల కింద పరచవద్దు, మడికి వేసే కంపోస్టులోనూ కలపవద్దు.

గంగవాయిలి కూర ఇక్కడ లాన్లలో, కాంక్రీటు సందుల్లో తనంతట తాను మొలుస్తుంది. చూడగానే పప్పులో వేసుకోవాలనిపిస్తుంది. మందు వేసిన లాన్‌లో మొలిచిందాన్ని తినకూడదు. ఈ మందులు తిండి పంటగా వాడే మొక్కల కోసం ఆ లాన్ మోతాదులో ఆమోదించినవి కావు. కావాలంటే కుండీలో విడిగా పెంచుకోండి, బాగా పెరుగుతుంది.

వినాయక చవితి సరిగ్గా సెప్టెంబరు మోతాదు రోజుల్లో వస్తుంది. 2025లో ఆగస్టు 27న వచ్చింది, 2026లో సెప్టెంబరు 14న వస్తుంది. పూజకు గరిక మన లాన్ నుంచే కోస్తాం, పిల్లలతో కోయిస్తాం. కాబట్టి పండగ ముందుంటే పూజయ్యాకే మందు వేయండి. పండగ ఆలస్యంగా వచ్చే ఏడాదిలో మందుకు ఆలస్యం కాకుండా, పెరట్లో ఒక మూల చిన్న ముక్కను మందు లేకుండా పూజ కోసమే వదిలేయండి. లేదా ఒక కుండీలో గరిక పెట్టుకోండి. ప్రసాదం పళ్లెంలో, పిల్లల చేతుల్లో ఆ గడ్డి ఉంటుంది, ఈ జాగ్రత్త తప్పకుండా పాటించాలి.

గుళికలు వేశాక నీళ్లు పెట్టి, లాన్ పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని, కుక్కల్ని పంపవద్దు. స్ప్రే అయితే ఆరేదాకా. ఆ రోజు వేసుకున్న బట్టలు విడిగా ఉతకండి, బూట్లు గడప బయటే విడవండి.

ఇది ఆపలేనివి

తుంగ ఈ మందులకు లొంగదు. అది ఎక్కువగా గడ్డల నుంచి వస్తుంది, విత్తనం మీద ఆధారపడదు. దానికి హాలోసల్ఫ్యూరాన్ ఉన్న సెడ్జ్‌హామర్ వంటి మందు, తుంగ పచ్చగా పెరుగుతున్నప్పుడు కొట్టాలి. డాలిస్‌గ్రాస్ పాత దుబ్బులకూ ఇది పనిచేయదు, తవ్వి తీయడమే. పులిచింత ఆకు వంటి బహువార్షికాలు వేరు నుంచి తిరిగి వస్తాయి. విత్తనం నుంచి వచ్చే కొత్త మొక్కలు మాత్రమే తగ్గుతాయి.

లాన్ దట్టంగా లేకపోతే ఏ మందూ పూర్తిగా కాపాడదు. బెర్ముడాను ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాల ఎత్తులో తరచుగా కోయండి, సెయింట్ అగస్టీన్‌ను రెండున్నర నుంచి మూడు అంగుళాల దగ్గర ఉంచండి. రోజూ కొద్దికొద్దిగా కాకుండా వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా నీళ్లు పెట్టండి. పైపొర ఎప్పుడూ తడిగా ఉంటే కలుపు విత్తనాలకే లాభం.

ఆలస్యమైపోతే

ఏప్రిల్ వచ్చేసి సన్నటి మొలకలు కనిపిస్తుంటే డైథయోపిర్ వేయండి. పిలకలు వేసి పరుచుకున్న క్రాబ్‌గ్రాస్‌కు క్వింక్లోరాక్ ఉన్న మందు బెర్ముడా లాన్‌లో వాడవచ్చు. సెయింట్ అగస్టీన్ మీద దాన్ని కొట్టవద్దు, గడ్డి దెబ్బతింటుంది. మొక్కలు పది ఇరవై లోపుంటే మందు జోలికి పోకుండా వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకేయడం నయం. గింజ పట్టకముందే పీకాలి.

వేరేవాళ్లతో వేయిస్తే

డబ్బు తీసుకుని ఇతరుల లాన్‌లో కలుపు మందు వేసేవాళ్లకు టెక్సస్‌లో రాష్ట్ర వ్యవసాయ శాఖ లైసెన్సు ఉండాలి. గడ్డి కోసే మనిషే మందు కూడా వేస్తానంటే లైసెన్సు అడగండి. ఏ మందు, ఎంత మోతాదు, ఏ తేదీ అన్నది కాగితం మీద రాయించుకోండి. నీళ్లు పెట్టాల్సింది మాత్రం మీరే, వాళ్లు వేసి వెళ్లిపోతారు. మడి, కుండీలు, పూజ గరిక ఉన్న మూల ముందే చూపించండి.

మిగిలిన మందు

మిగిలిన సంచిని మూతి బిగించి, అసలు సంచిలోనే, పొడిగా ఉండే చోట, పిల్లలకు అందని ఎత్తులో పెట్టండి. పాత పప్పు డబ్బాల్లో, నీళ్ల సీసాల్లో ఎప్పుడూ పోయవద్దు. స్ప్రెడర్‌ను లాన్ మీదే కడగండి, డ్రైవ్‌వే మీద కాదు. మందు వేసిన తేదీ, పేరు, మోతాదు, నీళ్లు పెట్టిన తేదీ ఫోన్‌లో రాసుకుని, సంచి వెనక లేబుల్ ఫొటో కూడా తీసి ఉంచుకోండి. వద్దనుకున్న పాత మందును సింక్‌లోనో చెత్తబుట్టలోనో పారేయకుండా హానికర రసాయనాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. డాలస్ కౌంటీలో హోమ్ కెమికల్ కలెక్షన్ సెంటర్ ఉంది. మీ ఊరు అందులో భాగమో కాదో, ఏ రోజుల్లో తీసుకుంటారో వెళ్లే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.